ఆలన్ బ్లూమ్‌లైన్

ఆలన్ డోవర్ బ్లూమ్‌లైన్ (జూన్ 29, 1903 - జూన్ 7, 1942) ఇంగ్లండుకు చెందిన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. శబ్దాన్ని దాని దిశతో సహా ముద్రించి, రెండు లౌడ్‌స్పీకర్ల ద్వారా తిరిగి వినిపించే స్టీరియో ధ్వనిముద్రణ పద్ధతిని 1931లో రూపొందించాడు. టెలిఫోను, గ్రామఫోను, టెలివిజన్, రాడార్ రంగాలు నాలుగింటిలోనూ ముఖ్యమైన ఆవిష్కరణలు చేశాడు. సుమారు పదిహేడేళ్ళ ఉద్యోగ జీవితంలో ఆయన పేరిట 128 పేటెంట్లు నమోదయ్యాయి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో రాడార్ పరికరాన్ని పరీక్షిస్తుండగా జరిగిన విమాన ప్రమాదంలో 38 ఏళ్ళ వయసులో మరణించాడు. తాను కనిపెట్టిన స్టీరియో రికార్డులు మార్కెట్లోకి రావడం ఆయన చూడలేదు.

బాల్యం, విద్య

బ్లూమ్‌లైన్ లండన్ నగరంలోని హాంప్‌స్టెడ్‌లో జన్మించాడు. తండ్రి సెమ్మీ బ్లూమ్‌లైన్ జర్మనీలో పుట్టి బ్రిటిషు పౌరసత్వం పొందిన వ్యక్తి. దక్షిణాఫ్రికా గనుల వ్యాపారంతో ఆయనకు సంబంధం ఉండేది. తల్లి జెస్సీ డోవర్, దక్షిణాఫ్రికాలో లండన్ మిషనరీ సొసైటీ తరఫున పనిచేసిన స్కాట్లండు దేశీయుడు విలియం డోవర్ కుమార్తె. ఆలన్ పేరులోని డోవర్ అన్న మాట తల్లి పుట్టింటి పేరు.

చిన్ననాటనే ఆయనకు విద్యుత్ పరికరాలపై ఆసక్తి ఉండేది. ఏడేళ్ళ వయసులో ఇంటి గుమ్మం దగ్గరి గంటను బాగుచేసి, తనను ఎలక్ట్రికల్ ఇంజనీరుగా పేర్కొంటూ తండ్రికి బిల్లు రాసి ఇచ్చాడని కుటుంబంలో చెప్పుకునేవారు. చదవడం మాత్రం ఆలస్యంగా వచ్చింది. పన్నెండేళ్ళు వచ్చేవరకు ధారాళంగా చదవలేకపోయేవాడని ఆయన సోదరి తెలిపింది. లెక్కలలో ఆ లోటు కనబడేది కాదు.

హైగేట్ పాఠశాలలో చదువు ముగించి 1921లో లండన్‌లోని సిటీ అండ్ గిల్డ్స్ కళాశాలలో ఉపకారవేతనంతో చేరాడు. నేరుగా రెండవ సంవత్సరంలో ప్రవేశం పొంది, రెండేళ్ళలో ప్రథమ శ్రేణి ఆనర్సుతో బి.ఎస్.సి. పట్టా పుచ్చుకున్నాడు. ఆ తరువాత కొంతకాలం అదే కళాశాలలో ఎడ్వర్డ్ మాలెట్ వద్ద సహాయకుడిగా పనిచేశాడు. వారిద్దరూ కలిసి అధిక పౌనఃపున్యాల వద్ద నిరోధాన్ని కొలిచే పద్ధతిపై రాసిన పత్రానికి ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎలక్ట్రికల్ ఇంజనీర్స్ సంస్థ బహుమతి లభించింది.

టెలిఫోను తీగలపై పరిశోధన

1924లో బ్లూమ్‌లైన్ ఇంటర్నేషనల్ వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో చేరాడు. ఇదే తరువాతి కాలంలో స్టాండర్డ్ టెలిఫోన్స్ అండ్ కేబుల్స్ అయింది. ఆ రోజులలో దూరప్రాంతపు టెలిఫోను తీగలలో రెండు చిక్కులు ఉండేవి. మొదటిది, దూరం పెరిగేకొద్దీ మాట బలహీనపడిపోవడం. రెండవది, ఒక తీగలోని సంభాషణ పక్క తీగలో వినిపించడం. బలహీనపడిన మాటను యాంప్లిఫయరుతో పెంచితే దానితోపాటు పక్క తీగనుండి చొరబడిన మాట, తీగలోని రొద కూడా పెరుగుతాయి. అందువలన పెంచవలసిన అవసరమే తగ్గేటట్లు, చొరబాటు మొదట్లోనే ఆగేటట్లు చేయడం మేలు. బ్లూమ్‌లైన్ రూపొందించిన లోడింగ్ కాయిళ్ళు ఈ రెండు పనులనూ చేశాయి.

మనిషి చెవి ఏ పౌనఃపున్యాన్ని ఎంత బిగ్గరగా గ్రహిస్తుందో కొలిచి, ఆ కొలతల ఆధారంగా రొదను తూచే వలయాలను కూడా ఈ కాలంలోనే తయారుచేశాడు. మీటరు చూపే అంకెకు, చెవికి వినిపించే రొదకు మధ్య గల తేడాను లెక్కలోకి తీసుకోవడమే వీటి ఉద్దేశం. బలహీనమైన సంకేతాన్ని రొదలో మునగకుండా కాపాడటం ఆయన తదుపరి పనులన్నింటిలోనూ కనిపించే అంశం.

కొలంబియా సంస్థలో

1929 మార్చిలో బ్లూమ్‌లైన్ కొలంబియా గ్రామఫోన్ కంపెనీలో చేరాడు. అక్కడ ఆయన పై అధికారి ఐజాక్ షోన్‌బెర్గ్. అప్పటికి డిస్కులను విద్యుత్ పద్ధతిలో ముద్రించడం మొదలై కొన్నేళ్ళే అయింది. కొలంబియావారు వాడుతున్న కోత యంత్రం వెస్టర్న్ ఎలక్ట్రిక్ వారి పేటెంటుపై ఆధారపడినది కావడంతో, దానిపై పెద్దమొత్తంలో రాయల్టీ చెల్లించవలసి వచ్చేది. ఆ పేటెంటు పరిధిలోకి రాని మరో కోత యంత్రాన్ని తయారుచేయడం బ్లూమ్‌లైన్‌కు అప్పగించిన మొదటి పని.

మైనపు పలకపై సూది గాడిని కోస్తూ పోతుంది. శబ్దాన్ని బట్టి సూది అటూఇటూ ఊగుతుంది. ఊపు మరీ ఎక్కువైతే సూది పక్క గాడిలోకి దూసుకుపోయి పలక పాడవుతుంది. మరీ తక్కువైతే, వినేటప్పుడు పాట డిస్కు ఉపరితలపు గరగరలో కలిసిపోతుంది. పాట మొదలయ్యాక పొరపాటు దిద్దుకునే వీలు లేదు. మైనపు పలకను చెరిపి తిరిగి రాయడం ఉండదు, మరో పలక పెట్టి మొదటినుండి పాడించవలసిందే. కాబట్టి గాయకుడు ముందుగా ఒకసారి పాడి చూపితే, అత్యధిక ధ్వని వద్ద సూది ఎంత ఊగుతుందో చూసి, యాంప్లిఫయరు గెయిన్‌ను నిర్ణయించేవారు. ఒక యాంప్లిఫయరు తనకు అందిన వోల్టేజిని ఎన్ని రెట్లు పెంచుతుందో తెలిపే నిష్పత్తిని గెయిన్ అంటారు.

వెస్టర్న్ ఎలక్ట్రిక్ కోత యంత్రంలో ఇనుప ముక్క కదిలేది. దాని అనవసరపు ఊపును అణచడానికి రబ్బరును వాడేవారు. బ్లూమ్‌లైన్ అయస్కాంత క్షేత్రంలో కదిలే తీగచుట్టను ఉపయోగించి, ఊపును విద్యుదయస్కాంత పద్ధతిలోనే అణచివేశాడు. దీనితో రాయల్టీ చెల్లించే అవసరం తప్పడమేగాక ధ్వని నాణ్యత కూడా పెరిగింది. ఈ పనిలో హెర్బర్ట్ హోల్మన్, హెన్రీ క్లార్క్ ఆయన సహచరులు.

హోల్మన్‌తో కలిసి బ్లూమ్‌లైన్ మూవింగ్ కాయిల్ మైక్రోఫోన్లను కూడా రూపొందించాడు. ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలతో ఇవి హెచ్.బి. మైక్రోఫోన్లుగా పేరుపొందాయి. ఇ.ఎం.ఐ. స్టూడియోలలోను, బి.బి.సి. వారి అలెగ్జాండ్రా పాలెస్ టెలివిజన్ కేంద్రంలోను వీటిని వాడారు. ఈ రకపు మైక్రోఫోన్లు ఇచ్చే వోల్టేజి బహు స్వల్పం. దానిని కోత యంత్రం నడిపే స్థాయికి తీసుకువెళ్ళాలంటే ఒకదాని తరువాత ఒకటిగా పలు యాంప్లిఫయర్లు కావాలి. వరుసలో మొదటి యాంప్లిఫయరు చేర్చిన రొదను తరువాతివన్నీ పెంచుకుంటూ పోతాయి. అందువలన మొదటి దశ శుభ్రంగా ఉండటం అన్నిటికంటె ముఖ్యం.

1931లో కొలంబియా సంస్థ, గ్రామఫోన్ కంపెనీతో కలిసి ఇ.ఎం.ఐ. ఏర్పడింది. తెలుగునాట కుక్కబొమ్మ రికార్డులుగా ప్రసిద్ధి పొందిన హిజ్ మాస్టర్స్ వాయిస్ ముద్ర గ్రామఫోన్ కంపెనీదే. ఆ సంవత్సరం నవంబరులోనే లండన్‌లో అబ్బీ రోడ్ స్టూడియో ప్రారంభమైంది. బ్లూమ్‌లైన్ పరిశోధనలు లండన్ శివార్లలోని హేస్ వద్దగల ప్రయోగశాలలో కొనసాగాయి.

స్టీరియో ఆవిష్కరణ

1931 తొలినాళ్ళలో బ్లూమ్‌లైన్ తనకు కాబోయే భార్య డోరీన్ లేన్‌తో కలిసి ఒక సినిమాకు వెళ్ళాడు. నటుడు తెరపై ఒక పక్క ఉండగా అతడి మాట వేరొక చోటనుండి రావడం ఆయనకు నచ్చలేదు. మాట మనిషి వెంట నడిచేటట్లు చేసే మార్గం తనకు తోచిందని ఆమెతో చెప్పాడు. అదే సంవత్సరం వేసవి చివరలో ఆ ఆలోచనను షోన్‌బెర్గ్‌కు వివరించాడు. డిసెంబరు 14, 1931న పేటెంటు దరఖాస్తు సమర్పించగా, జూన్ 14, 1933న 394,325 సంఖ్యతో అది ఆమోదం పొందింది. ఇందులో 70 క్లెయిములు ఉన్నాయి. బ్లూమ్‌లైన్ తన పద్ధతిని బైనారల్ అని పిలిచాడు. స్టీరియో అన్న పేరు తరువాత స్థిరపడింది.

ఈ పేటెంటులోని ముఖ్యాంశాలు ఇవి:

* జంట మైక్రోఫోన్లు: ముందు వెనుకల శబ్దాన్ని గ్రహించి పక్కల శబ్దాన్ని గ్రహించని రెండు మైక్రోఫోన్లను ఒకే బిందువు వద్ద, ఒకదానికొకటి లంబంగా అమర్చడం. దీనినే నేడు బ్లూమ్‌లైన్ జంట అంటారు.
* మొత్తం, తేడా: ఎడమ కుడి సంకేతాలను కలిపి మొత్తంగాను, ఒకదానినుండి మరొకదానిని తీసివేసి తేడాగాను మార్చడం, మళ్ళీ వాటినుండి ఎడమ కుడి సంకేతాలను రాబట్టడం.
* షఫ్లర్ వలయం: దగ్గరదగ్గరగా ఉంచిన రెండు మామూలు మైక్రోఫోన్ల మధ్య ఏర్పడే దశాభేదాన్ని ధ్వని స్థాయిలోని తేడాగా మార్చడం.
* ఒకే గాడిలో రెండు సంకేతాలు: గాడికి గల రెండు వాలు గోడలను ఒకదానికొకటి లంబంగా ఉంచి, ఒక్కో గోడపై ఒక్కో సంకేతాన్ని కోయడం.

చివరి అంశం వలన మరొక ప్రయోజనం ఉంది. గాడి అటూఇటూ కదిలే కదలిక రెండు సంకేతాల మొత్తానికి, పైకీ కిందికీ కదిలే కదలిక వాటి తేడాకు సరిపోతాయి. కనుక ఒకే స్పీకరుగల యంత్రానికి ఎడమ కుడి శబ్దాలు కలిసిన సంపూర్ణ సంగీతం అందుతుంది.

ఈ పద్ధతులన్నీ ఒక నియమంపై ఆధారపడి ఉన్నాయి: రెండు మైక్రోఫోన్ల వెనుక ఉన్న యాంప్లిఫయర్లు సరిగ్గా ఒకే గెయిన్ ఇవ్వాలి. జంట మైక్రోఫోన్లు ఒకే చోట ఉన్నందున శబ్దం రెండింటికీ ఒకేసారి చేరుతుంది. శబ్దం ఏ దిశనుండి వచ్చిందో చెప్పే సమాచారం ఆ రెండు సంకేతాల స్థాయిలలోని తేడాలో మాత్రమే ఉంటుంది. యాంప్లిఫయర్ల గెయిన్ వేరువేరుగా ఉంటే ఆ సమాచారం చెడుతుంది. నట్టనడుమ నిలబడి పాడుతున్న గాయకుడు పక్కకు జరిగినట్లు వినిపిస్తాడు. షఫ్లర్ వలయంలో ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. మంద్ర స్వరాల వద్ద తేడా సంకేతం చాలా చిన్నదిగా ఉంటుంది కాబట్టి దానిని బాగా పెంచవలసి వస్తుంది. గెయిన్లలో ఉన్న కొద్దిపాటి అసమానత కూడా ఆ తేడాలో చేరి దానితోపాటే పెరుగుతుంది.

ప్రయోగాలు

1933నుండి హేస్‌లో ప్రయోగాలు జరిగాయి. మనుషులు గదిలో నడుస్తూ మాట్లాడటాన్ని ముద్రించి, వినేవారికి వారి స్థానం తెలుస్తున్నదో లేదో పరీక్షించారు. 1934 జనవరిలో అబ్బీ రోడ్ స్టూడియోలో సర్ థామస్ బీచమ్ ఆధ్వర్యంలో లండన్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందం మొజార్ట్ 41వ సింఫనీని సాధన చేస్తుండగా స్టీరియోలో ముద్రించారు. 1935లో స్టీరియో ధ్వనితో కూడిన చిన్న చలనచిత్రాలు కూడా తీశారు. వాటిలో హేస్ స్టేషను మీదుగా రైళ్ళు సాగిపోయే చిత్రం ఒకటి.

అయితే ఆర్థిక మాంద్యం కారణంగా రికార్డుల అమ్మకాలు పడిపోయి ఉన్న కాలమది. ప్రజలు రెండు యాంప్లిఫయర్లు, రెండు స్పీకర్లు కొంటారన్న ఆశ లేకపోవడంతో ఇ.ఎం.ఐ. స్టీరియో పనిని పక్కనపెట్టి టెలివిజన్ వైపు మళ్ళింది. బ్లూమ్‌లైన్ కూడా ఆ పనికే మారాడు.

టెలివిజన్, జంట వాల్వుల వలయం

షోన్‌బెర్గ్ నాయకత్వంలోని ఇ.ఎం.ఐ. బృందం 405 గీతల ఎలక్ట్రానిక్ టెలివిజన్ పద్ధతిని తయారుచేసింది. నవంబరు 2, 1936న బి.బి.సి. అలెగ్జాండ్రా పాలెస్ నుండి ప్రసారాలు ప్రారంభించినపుడు ఈ పద్ధతిని, జాన్ లోగీ బెయిర్డ్ సంస్థవారి 240 గీతల పద్ధతిని మార్చిమార్చి వాడి చూశారు. 1937 ఫిబ్రవరిలో బెయిర్డ్ పద్ధతిని విరమించుకున్నారు. ప్రసార తరంగ నిర్మాణంలోను, చిత్రంలో నలుపు స్థాయి చెదరకుండా నిలిపే వలయాలలోను బ్లూమ్‌లైన్ పాత్ర ఉంది.

1936లో పేటెంటు పొందడానికి దరఖాస్తు చేసిన వలయం ఆయన పేరును ఎలక్ట్రానిక్స్‌లో శాశ్వతం చేసింది. ఇందులో రెండు వాల్వుల కాథోడులు ఒకే పెద్ద నిరోధానికి కలిసి ఉంటాయి. ఆ నిరోధం తోకలా ఉండటంతో దీనికి పొడవు తోక జంట అన్న అర్థంలో లాంగ్ టెయిల్డ్ పెయిర్ అనే పేరు వచ్చింది. రెండు వాల్వులకు అందే సంకేతాలలోని తేడాను ఈ వలయం పెంచుతుంది. రెండింటికీ సమానంగా అందేదానిని అణచివేస్తుంది. పొడవైన కేబులులోని రెండు తీగలలో అసలు సంకేతం ఒకదానికొకటి వ్యతిరేకంగా ప్రయాణిస్తుంది. దారిలో చొరబడే రొద మాత్రం రెండు తీగలలోనూ ఒకే విధంగా ఉంటుంది. కాబట్టి కేబులు చివర ఈ వలయాన్ని ఉంచితే సంకేతం పెరిగి రొద అణగిపోతుంది. టెలిఫోను తీగల రోజులలో బ్లూమ్‌లైన్ ఎదుర్కొన్న సమస్యకు ఇది మరొక రకమైన పరిష్కారం.

మే 12, 1937న ఆరవ జార్జి పట్టాభిషేక ఊరేగింపును బి.బి.సి. టెలివిజన్లో చూపినపుడు, ఊరేగింపు స్థలం నుండి అలెగ్జాండ్రా పాలెస్‌కు చిత్రాన్ని కేబులు ద్వారా చేరవేశారు. వాల్వుల స్థానంలో ట్రాన్సిస్టర్లు వచ్చిన తరువాత కూడా జంట వలయం మారలేదు. ఆపరేషనల్ యాంప్లిఫయర్ల ప్రవేశ దశలో ఉండేది ఇదే వలయం. 1937లో ఆయన పేటెంటు చేసిన మరొక వలయం 1950లలో అల్ట్రాలీనియర్ అనే పేరుతో యాంప్లిఫయర్ల తయారీలో వాడుకలోకి వచ్చింది.

రాడార్, మరణం

యుద్ధం మొదలయ్యాక బ్లూమ్‌లైన్ రాడార్ పరిశోధనలో పాల్గొన్నాడు. రాత్రివేళ శత్రు విమానాలను వెదికే ఎ.ఐ. రాడార్ మెరుగుదలకు, బలమైన విద్యుత్ స్పందనలను పుట్టించే వలయాల తయారీకి కృషి చేశాడు. వాటిలో ఒకటి నేటికీ బ్లూమ్‌లైన్ పేరుతోనే పిలువబడుతున్నది. ఆ తరువాత హెచ్2ఎస్ అనే రాడార్ పనిలో చేరాడు. చీకటిలోను, మబ్బుల పైనుండి కూడా కింది భూభాగాన్ని చూపే ఈ పరికరం కావిటీ మాగ్నెట్రాన్ ఉత్పత్తి చేసే సెంటీమీటర్ల నిడివి తరంగాలతో పనిచేసేది. ఈ పథకానికి బెర్నార్డ్ లోవెల్ నాయకత్వం వహించాడు.

జూన్ 7, 1942న హెచ్2ఎస్ పరికరాన్ని మోస్తున్న హాలిఫాక్స్ విమానం వి9977 డెఫర్డ్ విమానాశ్రయం నుండి బయలుదేరింది. ప్రయాణంలో కుడివైపు చివరి ఇంజనులో మంటలు లేచి, హియర్‌ఫర్డ్‌షైర్‌లోని వెల్ష్ బిక్నర్ గ్రామం వద్ద విమానం కూలిపోయింది. అందులోని 11 మందీ మరణించారు. వారిలో బ్లూమ్‌లైన్‌తోపాటు ఇ.ఎం.ఐ. ఇంజనీర్లు సెసిల్ బ్రౌన్, ఫ్రాంక్ బ్లైథెన్ ఉన్నారు. ఇంజనులోని ఒక నట్టు సరిగా బిగించకపోవడంతో వాల్వు కాడ విరిగి మంటలు లేచాయని విచారణలో తేలింది.

పరికరం రహస్యమైనది కావడంతో ప్రమాద వార్తకు ఆనాడు ప్రచారం ఇవ్వలేదు. మిగిలిన బృందం పని కొనసాగించింది. 1943 జనవరి చివరన హాంబర్గ్ నగరంపై జరిగిన దాడిలో హెచ్2ఎస్‌ను మొదటిసారి యుద్ధంలో వినియోగించారు.

మరణానంతరం స్టీరియో

యుద్ధం ముగిసిన తరువాత టేపు రికార్డర్లు, వాటి వెనుక సూక్ష్మమైన గాడిగల లాంగ్ ప్లే డిస్కులు వచ్చాయి. 1957లో అమెరికాలో వెస్ట్రెక్స్ సంస్థ గాడి రెండు గోడలపై రెండు సంకేతాలను కోసే యంత్రాన్ని ప్రదర్శించింది. ఈ విధానం బ్లూమ్‌లైన్ 1931 పేటెంటులో ఉన్నదే. 1958లో స్టీరియో డిస్కులు విస్తృతంగా అమ్మకానికి వచ్చాయి. అప్పటికి ఆయన పేటెంటు గడువు తీరిపోయింది. అనేక సంవత్సరాలపాటు ఆయన పేరు ఇంజనీర్లకే పరిమితమై ఉండిపోయింది. ఆయన జీవితంపై సమగ్రమైన గ్రంథాలు 1999, 2000 సంవత్సరాలలో గాని వెలువడలేదు. మొదటిది రాబర్ట్ అలెగ్జాండర్, రెండవది రస్సెల్ బర్న్స్ రచించారు.

చేతి రికార్డర్లలో బ్లూమ్‌లైన్ పద్ధతి

స్టూడియోల వెలుపల కచేరీలు, జానపద గీతాలు, పక్షుల కూతలు ముద్రించేవారు చేతిలో ఇమిడే రికార్డర్లతో నేడు బ్లూమ్‌లైన్ జంటను వాడుతున్నారు. ఈ జంటకు తరచుగా రిబ్బను మైక్రోఫోన్లను ఎంచుకుంటారు. వాటి వోల్టేజి చాలా తక్కువ కావడంతో సుమారు 60 డెసిబెళ్ళ గెయిన్, అనగా వెయ్యి రెట్ల పెంపు కావలసి వస్తుంది. చిన్న రికార్డరులోని మైకు యాంప్లిఫయరు అంత పెంపును రొద లేకుండా ఇవ్వలేనప్పుడు బయట ఒక ప్రీయాంప్లిఫయరును చేరుస్తారు. మైక్రోఫోను తీగలో దారివెంట చొరబడే రొదను దాని ప్రవేశ దశ అణచివేస్తుంది. ఎలక్ట్రానిక్ ప్రవేశ దశగల ప్రీయాంప్లిఫయర్లలో ఈ పని చేసేది బ్లూమ్‌లైన్ జంట వలయపు వారసులే.

బయటి ప్రీయాంప్లిఫయరు ఉన్నపుడు గెయిన్ రెండు చోట్ల ఉంటుంది. కావలసిన పెంపునంతా మొదటి దశలోనే, అనగా ప్రీయాంప్లిఫయరులోనే ఇచ్చి, రికార్డరును లైన్ ఇన్‌పుట్‌లో ఉంచి తక్కువ గెయిన్‌తో నడపడం సరైన పద్ధతి. ప్రీయాంప్లిఫయరులో గెయిన్ తగ్గించి రికార్డరులో పెంచితే రికార్డరు సొంత రొద పాటతోపాటు పెరుగుతుంది. దీనికి విరుద్ధంగా, ప్రీయాంప్లిఫయరు నుండి వచ్చే బలమైన సంకేతాన్ని రికార్డరు మైకు ఇన్‌పుట్‌కు కలిపి బొత్తాన్ని సున్న దగ్గరకు తిప్పినా ప్రమాదమే. అనేక రికార్డర్లలో ఆ బొత్తం మొదటి దశ తరువాత ఉంటుంది. మొదటి దశలోనే శబ్దం పగిలిపోతున్నా మీటరు మాత్రం సురక్షితమైన స్థాయినే చూపుతుంది.

స్థాయిని నిర్ణయించేటప్పుడు అత్యంత బిగ్గరగా ఉండే ఘట్టాన్ని ముందుగా వాయింపజేసి, దాని శిఖరం సున్నకు సుమారు 12 డెసిబెళ్ళ దిగువన ఉండేటట్లు చూస్తారు. అసలు కచేరీలో కళాకారులు సాధనలో కంటె బిగ్గరగా వాయించడం సహజం కనుక ఈ ఖాళీ అవసరం. 24 బిట్ల ముద్రణలో అంత ఖాళీ వదిలినా నాణ్యతకు లోటు రాదు. 32 బిట్ల ఫ్లోటింగ్ పద్ధతిలో ముద్రించే రికార్డర్లలో సున్న దాటిన శబ్దాన్ని కూడా తరువాత తగ్గించుకోవచ్చు. కాని బయటి ప్రీయాంప్లిఫయరులోనే పగిలిపోయిన శబ్దాన్ని ఏ రికార్డరూ బాగుచేయలేదు. మైనపు పలకల కాలంలో మాదిరిగానే అక్కడ జరిగిన పొరపాటుకు దిద్దుబాటు లేదు.

బ్లూమ్‌లైన్ జంటలో మరొక జాగ్రత్త రెండు గెయిన్లను సమానంగా ఉంచడం. ఒక పక్క 1 డెసిబెల్ ఎక్కువైతే నడుమ ఉన్న శబ్దం సుమారు 3 డిగ్రీలు పక్కనుండి వచ్చినట్లు, 3 డెసిబెళ్ళు ఎక్కువైతే సుమారు 10 డిగ్రీలు పక్కనుండి వచ్చినట్లు నమోదవుతుంది. ప్రీయాంప్లిఫయరు బొత్తాలపై గీసిన అంకెలు ఒకటిగా ఉన్నంత మాత్రాన గెయిన్లు సమానమని చెప్పలేము. వాటిని సరిచూడటానికి బ్లూమ్‌లైన్ చెప్పిన తేడా సంకేతమే పనికివస్తుంది. రెండు మైక్రోఫోన్లను దగ్గరగా చేర్చి, ఒకే దిశకు తిప్పి, ఎదుట ఒక స్పీకరునుండి నిలకడైన శబ్దాన్ని వినిపిస్తారు. ఒక సంకేతాన్ని తిరగవేసి రెండవదానితో కలుపుతారు. గెయిన్లు సమానమయ్యేకొద్దీ వినిపించే శేషం తగ్గుతూ పోతుంది. లెక్క ప్రకారం గెయిన్లలో 1 డెసిబెల్ తేడా ఉంటే శేషం అసలు శబ్దానికి సుమారు 19 డెసిబెళ్ళ దిగువన, 0.1 డెసిబెల్ తేడా ఉంటే సుమారు 39 డెసిబెళ్ళ దిగువన ఉంటుంది. రెండు మైక్రోఫోన్లూ అచ్చంగా ఒకే తీరున ఉండవు కాబట్టి శేషం పూర్తిగా మాయం కాదు. అది కనిష్ఠమైన చోట బొత్తాలను నిలిపి, మైక్రోఫోన్లను మళ్ళీ లంబంగా అమర్చుతారు.

స్థాయిని తనంతట తానే మార్చే ఆటోమేటిక్ గెయిన్ సదుపాయాన్ని ఈ ముద్రణలో నిలిపివేయాలి. అది రెండు పక్కలనూ విడివిడిగా మార్చితే శబ్దాల స్థానాలు చలిస్తూ ఉంటాయి. తీగలలో లోపం ఉన్నపుడు 48 వోల్టుల ఫాంటమ్ విద్యుత్తు కొన్ని రిబ్బను మైక్రోఫోన్లకు హాని చేస్తుంది కాబట్టి, అవసరం లేనిచోట దానిని కూడా నిలిపివేస్తారు.

వ్యక్తిగత జీవితం

బ్లూమ్‌లైన్ 1933లో డోరీన్ లేన్‌ను వివాహం చేసుకున్నాడు. వారికి ఇద్దరు కుమారులు. వారి కుటుంబం లండన్ పశ్చిమ ప్రాంతంలోని ఈలింగ్‌లో నివసించింది. విమానాలు నడపడం ఆయనకు ఇష్టమైన వ్యాపకం, స్టాగ్ లేన్ విమానాశ్రయంలో చిన్న విమానాలు నడిపేవాడు. ఇన్ని ఆవిష్కరణలు చేసినా విద్వత్పత్రాలు రాయడం చాలా అరుదు. ఆయన ఆలోచనలలో అధికభాగం పేటెంటు పత్రాల రూపంలోనే మిగిలాయి.

గుర్తింపు

* 1977లో ఈలింగ్‌లో ఆయన నివసించిన ఇంటికి స్మారక నీలి ఫలకాన్ని అమర్చారు.
* 2015లో అబ్బీ రోడ్ స్టూడియో వద్ద స్టీరియో ఆవిష్కరణకు గుర్తుగా ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ మైలురాయి ఫలకాన్ని ఆవిష్కరించారు.
* 2017లో సాంకేతిక కృషికి ఇచ్చే గ్రామీ పురస్కారాన్ని ఆయనకు మరణానంతరం ప్రకటించారు.

ఇవి కూడా చూడండి

* గ్రామఫోను
* మైక్రోఫోను
* టెలివిజన్
* రాడార్